నగరంలో పాత నాణేలు దొరకాలంటే ముందు పాత నేలను వెతకాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మెటల్ డిటెక్టర్ కొని నాలుగు నెలలైంది. ప్రతి వారం నగరంలోని పెద్ద పార్కుకే వెళ్తున్నారు. సీసా మూతలు, కూల్‌డ్రింకు డబ్బాల రింగులు, నిన్నమొన్నటి చిల్లర తప్ప పాత నాణెం ఒక్కటీ కంటపడలేదు. ముందు వచ్చినవాళ్లు అన్నీ ఏరుకుపోయారా, లేక ఇంకా ఖరీదైన యంత్రం కొనాలా అన్నది మీ సందేహం. దానికి తోడు, ఒకరోజు గంట కొట్టినట్టు మోగిన సిగ్నల్ తవ్వగానే మాయమైందట. ఆ ముక్కకు చివర్లో వస్తాను.

కొత్త యంత్రం ఆలోచన పక్కన పెట్టండి. మీ దగ్గరున్నది చాలు. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకు దొరికిన పాత నాణేల్లో సగానికి పైగా మొదట కొన్న మామూలు యంత్రంతోనే దొరికాయి. తర్వాత కొన్నది తేలిగ్గా ఉంటుంది, వానకు తడిసినా పాడవదు, అంతకుమించి తేడా లేదు. మీరు మార్చవలసింది చోటు.

పెద్ద పార్కులో ముందువాళ్లు ఏరుకుపోయిన మాట కొంత నిజమే. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. పేరున్న పార్కు నేల స్థిరంగా ఉండదు. ఒకసారి చదును చేస్తారు, మరోసారి బయటి మట్టి తెచ్చి పోస్తారు, దాని మీద పచ్చిక పరుస్తారు, ఆ తర్వాత నీటి గొట్టాల కోసం మళ్లీ తవ్వుతారు. మీరు నడుస్తున్న పచ్చిక కింద రెండు జానల మేర లారీలో వచ్చిన మట్టే ఉందనుకోండి, దాని అడుగున వెండి పరిచి ఉన్నా మీకు వినబడదు. మామూలు కాయిల్‌తో, అంటే నేల మీద ఊపే ఆ గుండ్రటి పళ్లెంతో, నాణెమంత వస్తువు 20, 25 సెంటీమీటర్ల లోతు దాటితే అందడం అరుదు. నగరం మట్టిలో అంత కూడా ఆశపడకండి. 15 అనుకుంటే నిరాశ ఉండదు.

అందుకే నేను నగరంలో ముందు పాత నేలను వెతుకుతాను. ఎనభై, వంద ఏళ్ల కిందట మనుషులు నడిచిన నేల ఎవరూ తవ్వకుండా, పూడ్చకుండా ఎక్కడ మిగిలిందో చూస్తాను. అది మంచం పట్టేంత జాగా అయినా సరే. అలాంటి జాగా దొరికిందంటే నాణేల గురించి పెద్దగా దిగులుపడనక్కరలేదు. మనుషులు తిరిగిన చోటల్లా చిల్లర రాలుతూనే ఉంటుంది.

అలాంటి చోట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రోడ్డుకూ కాలిబాటకూ నడుమ మిగిలే సన్నటి మట్టి పట్టీ. దుమ్ము, చెత్త, ఎండుటాకులు, అక్కడక్కడా ఒక చెట్టు. చూడటానికి ఏ ఆకర్షణా ఉండదు కాబట్టి డిటెక్టర్ పట్టుకున్నవాళ్లెవరూ దాని వైపు తిరగరు. కానీ బండి దిగేవాళ్లు దిగేది అక్కడే. జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి వెతుక్కునేది, బండివాడికి డబ్బులు ఇచ్చేది, మూటలు కిందపెట్టి ఊపిరి తీసుకునేది కూడా అక్కడే. చీకట్లో పడిన నాణెం కోసం ఎవరూ ఎక్కువసేపు వెతకరు.

ఆ పట్టీ పాతదా, మీద మట్టి పోసినదా తెలుసుకోవడానికి చెట్టును చూడండి. పెద్ద చెట్టు మొదలు నేలను తాకే చోట కొంచెం విప్పారి, వేర్లుగా చీలి, ఏనుగు పాదంలా కనిపిస్తుంది. ఆ విప్పారిన భాగం బయటికి కనిపిస్తుంటే చెట్టు ఎదిగిన కాలం నుంచి నేల మట్టం పెద్దగా మారలేదన్నమాట. అలా కాకుండా మాను స్తంభంలా తిన్నగా మట్టిలోకి దిగిపోతే, ఎవరో మీద మట్టి పోశారు. అక్కడ శ్రమ దండగ. పాత ఇళ్ల మెట్లూ ఇదే చెబుతాయి. అడుగు మెట్టు సగం పూడిపోయి ఉంటే ఆ వీధి పైకి లేచింది. పాత గేటు గడప, రాతి అంచు, బోరింగు పంపు దిమ్మ, ఇవన్నీ మట్టం చెప్పే సాక్షులే. యంత్రం బండిలోనే ఉంచి పది నిమిషాలు వీటిని చూస్తూ నడవడం నాకు అలవాటు.

ఇక కాలిబాట పలకలు లేపి మళ్లీ పరిచే రోజులు. ఇవి పండగ రోజుల్లాంటివి, వచ్చినట్టే వచ్చి వెళ్లిపోతాయి. రాతి పలకో సిమెంటు పలకో వేసిన నాటి నుంచి కింద నేల మూతవేసిన డబ్బాలా ఉంటుంది. దాని మీద కొత్త చెత్త పడదు, కొత్త చిల్లర పడదు. ఒకసారి ఒక పాత వీధిలో పలకలన్నీ ఎత్తి పక్కన పేర్చారు. పని చూసే మేస్త్రీని అడిగాను. సాయంత్రం కూలీలు వెళ్లాక రమ్మన్నాడు, అంచు తాళ్లు కదపొద్దన్నాడు, గుంత కనిపిస్తే మర్నాడు పనే ఉండదన్నాడు. రెండు సాయంత్రాలు, రోజూ గంటన్నర. నలభై అడుగుల పొడవులో పదకొండు నాణేలు దొరికాయి. ఒక్కటి కూడా పది సెంటీమీటర్ల లోతు దాటలేదు.

వాటిలో ఒకటి మాత్రం మరిచిపోలేను. సిగ్నల్ సన్నగా, తెగి తెగి వచ్చింది. ఒక పక్క నుంచి ఊపితే వినిపిస్తుంది, అడ్డంగా ఊపితే సగమే. తాపీతో ఒక మట్టిపెళ్ల లేపి చేతిలో పట్టుకుని విరిచాను. రెండు ముక్కలైంది. ఒక ముక్కలో నాణెం అంచు నల్లటి గీతలా కనిపించింది. అది నిలువుగా పడి ఉంది, అందుకే సిగ్నల్ అంత పలచన. రెండో ముక్క మీద నాణెం అచ్చు పడి ఉంది. అక్షరాలు తిరగబడి, అద్దంలో చూసినట్టు, కిరీటం మీది చుక్కలతో సహా. నాణెం బయటికి తీస్తే వేలిగోరు కన్నా కొంచెం పెద్దది, పలచటి వెండి. అచ్చు ఉన్న మట్టిపెళ్లను కూడా ఇంటికి తెచ్చి దాచుకుందామనుకున్నాను. ఆరగానే పొడి పొడి అయిపోయింది.

మిగతా చోట్లు త్వరగా చెప్తాను. బట్టలు ఆరేసే దండెం గుంజలు పాతిన పెరళ్లు మంచివి. తడి బట్ట దులిపితే జేబు తిరగబడుతుంది. పాత బడి ఆవరణలో ఆటస్థలం నడిమధ్య కన్నా గోడ వారా, చెట్ల కింద, పిల్లలు తలకిందులుగా వేలాడిన కడ్డీల కింద వెతకండి. ట్రాము పట్టాలు ఎప్పుడో తీసేసిన వీధుల్లో పాత ఆగుచోట్ల పక్కన చూడండి. జనం కూర్చుని ఆట చూసే వాలు గట్టుకు బల్లపరుపు మైదానం సాటిరాదు, ఎందుకంటే వాలు మీద కూర్చున్నవాడి జేబు నేల వైపు వంగి ఉంటుంది. పాత ఇల్లు కూల్చేసి కొత్తది ఇంకా మొదలుపెట్టని స్థలం దొరికితే, యజమాని ఒప్పుకుంటే, ఇల్లు ఉన్న చోటును వదిలేయండి. అక్కడంతా మేకులు, తీగలు, గాజు పెంకులు. గేటు నుంచి గుమ్మం దాకా మనుషులు నడిచిన దారిని, వెనక పెరటిని చూసుకోండి.

పాత మ్యాపులు చూడమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను, కాకపోతే చూసే పద్ధతి వేరు. అమెరికా పట్టణాలకు శాన్‌బార్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం 1867 నుంచి గీసిన మ్యాపులు ఉన్నాయి. ప్రతి ఇంటి గోడ దేనితో కట్టారో కూడా రంగులతో చూపిస్తాయి. బ్రిటన్‌లో ఆర్డినెన్స్ సర్వే పాత పటాలను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైట్‌లో ఇప్పటి పటం మీద పరిచి చూపిస్తుంది. మీ నగరానికీ ఏదో ఒకటి ఉంటుంది, కనీసం పాత విమాన ఛాయాచిత్రాలైనా. వాటిలో చాలామంది పోయిన భవనాలను వెతుకుతారు. నేను మారని గీతలను వెతుకుతాను. వందేళ్ల నాటి పటంలోనూ నేటి పటంలోనూ ఒకే వంపు తిరిగిన కాలిబాట, ఒకే మూలన ఉన్న ప్రహరీ గోడ, ఒకే చోట ఉన్న చెట్ల వరుస. రెండు పటాల్లోనూ ఖాళీగానే ఉన్న ముక్కోణపు జాగా కనిపిస్తే మర్నాడే అక్కడ ఉంటాను.

ఇప్పుడు చెత్త సంగతి. మీరు విసుక్కుంటున్న సీసా మూతలూ రింగులే మీకు గడియారం. లాగి పారేసే డబ్బా రింగు 1960లలో వ్యాపించింది. 1975 నుంచి డబ్బాకే అంటుకుని ఉండే మూత వచ్చి, రింగులు నేల మీద పడటం క్రమంగా తగ్గింది. కాబట్టి తోకతో ఉన్న రింగు దొరికిన పొర దాదాపు ఆ పదిహేను, ఇరవై ఏళ్లది. ముడతల సీసా మూతకు విలియం పెయింటర్ 1892లో పేటెంటు పొందాడు. లోపల బెండు బిళ్ల ఉన్న మూత పాతది, ప్లాస్టిక్ పూత ఉన్నది కొత్తది. మేకులూ అంతే. నలుపలకల మేకు పాత చేతిపని లేదా కోత యంత్రానిది, గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివరికి వచ్చి దాన్ని తరిమేశాయి. ఒక చోట ఐదు గుంతలు తవ్వి వచ్చిన చెత్తను వరసగా పెట్టి చూడండి. ప్లాస్టిక్ మూతలు, తళతళలాడే రేకు మాత్రమే వస్తే ఆ మట్టి కొత్తది, లేదా మీరు ఇంకా పై పొరలోనే ఉన్నారు. బెండు మూతలు, సీసపు ముక్కలు, నలుపలకల మేకులు వస్తుంటే నోరు మూసుకుని అక్కడే ఉండండి. నాణెం రాకపోయినా మీరు సరైన పొరలో ఉన్నారు.

నాణేలు కూడా కాలం చెబుతాయి, వాటి మీద ముద్రించిన సంవత్సరంతో మాత్రమే కాదు. చిల్లరలో వెండి ఎప్పుడు పోయిందో గుర్తుంచుకోండి. బ్రిటన్ 1920లో వెండిని 92.5 శాతం నుంచి 50కి దించి, 1947లో పూర్తిగా తీసేసింది. భారత రూపాయిలో 1940 దాకా 91.7 శాతం వెండి, తర్వాత సగం, 1947లో నికెల్ రూపాయి. అమెరికాలో 1964 వరకు పది, పాతిక సెంట్ల నాణేల్లో 90 శాతం వెండి ఉండేది. నాసి నాణెం చలామణిలోకి రాగానే జనం మేలి నాణెం దాచుకుంటారు. అందుకే వెండి చిల్లర క్రమంగా వీధుల నుంచి మాయమైంది. నేలలో వెండి చిల్లర దొరికిందంటే ఆ మాయమయ్యే లోపు పడినదై ఉంటుంది. ఇక అరుగుదల. 1900 నాటి నాణెం బొమ్మ ముక్కు, చెవి అరిగిపోయి ఉంటే అది ముప్పై, నలభై ఏళ్లు చేతులు మారాకే పడింది. నిగనిగలాడుతూ ఉంటే కొత్తగానే జారింది. ఆ నేల వయసు 1900 నాటిదా 1935 నాటిదా అన్నది ఈ అరుగుదలే చెబుతుంది.

లోతును బట్టి వయసు కట్టకండి. బరువు వల్ల నాణెం ఏటేటా మునిగిపోతుందని చాలామంది నమ్ముతారు. ఎక్కువ పని చేసేది వానపాములు. అవి అడుగు మట్టిని తెచ్చి పైన పోస్తాయి, వస్తువు ఉన్నచోటే ఉండి పైన నేల పెరుగుతుంది. చార్లెస్ డార్విన్ తన ఇంటి దగ్గరి పొలంలో 1842లో సుద్ద ముక్కలు చల్లించి, 29 ఏళ్ల తర్వాత 1871లో కందకం తవ్వి చూస్తే ఆ తెల్లటి చార ఏడు అంగుళాల లోతున ఉంది. పచ్చిక, తేమ, వానపాములు ఉన్న చోట అంత వేగం. జనం తొక్కి తొక్కి ఇటుకలా గట్టిపడిన కాలిబాట అంచున వానపాము ఉండదు, అక్కడ వందేళ్ల నాణెం రెండు అంగుళాల్లోనే దొరుకుతుంది. మీ పార్కులో లోతు సిగ్నళ్ల కోసం చెవులు రిక్కిస్తున్నారు కదా, ఇలాంటి గట్టి నేలలో ఆ అవసరమే ఉండదు.

యంత్రం వాడకంలో నాలుగు మాటలు. కాయిల్ మారుతున్న అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి ప్రతిధ్వనిని యంత్రం వింటుంది. ఆ ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి అంకె చూపిస్తుంది. మందపాటి వెండి, రాగి పెద్ద అంకె ఇస్తాయి, రేకు చిన్న అంకె. చిక్కేమిటంటే డబ్బా రింగు, సన్నటి బంగారు ఉంగరం, నికెల్ కలిసిన నాణెం ఒకే అంకెల్లో పడతాయి. రింగులు తవ్వలేక ఆ అంకెలను పూర్తిగా మూసేస్తే, అంటే వాటికి యంత్రం మోగకుండా చేస్తే, ఉంగరాలనూ మూసేసినట్టే. పాత పొర అని తేలిన చోట నేను ఇనుము తప్ప ఏదీ మూయను. పార్కులో మాత్రం మూస్తాను, నాకూ నడుము ఉంది.

ఇనుము మూసినా దాని పీడ పోదు. నాణెం పక్కన ఒక మేకు ఉంటే, పెద్ద కాయిల్ రెంటినీ కలిపి విని, ఇనుమని తీర్పు చెప్పి ఊరుకుంటుంది. నగరంలో ముందువాళ్లు వదిలేసిన నాణేల్లో చాలా భాగం ఇలా మేకుల నీడలో దాక్కున్నవే. దీనికి మందు చిన్న కాయిల్. 12, 15 సెంటీమీటర్ల వెడల్పున్నది దొరికితే అదొక్కటి కొనుక్కోండి. లోతు తగ్గుతుంది, కానీ మేకుకూ నాణేనికీ నడుమ దూరుతుంది. నెమ్మదిగా ఊపండి, నేలకు ఆనించినంత దగ్గరగా. ఒక చదరపు గజానికి రెండు నిమిషాలు పట్టినా తొందరేమీ లేదు. ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా మరోసారి ఊపండి.

ఈ ఇనుము గొడవ పుట్టుకతోనే ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చినప్పుడు, ఒంట్లో ఉన్న తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక లోహశోధిని తయారుచేసి తెచ్చాడు. దొరకలేదు. పరుపు కింద ఉక్కు తీగలు ఉన్నాయని తర్వాత తెలిసింది. పైగా వైద్యుడు తూటా కుడివైపే ఉందని పట్టుబట్టి అటే వెతకనిచ్చాడు, అది ఎడమవైపు ఉంది. మీ పార్కు కథ చదువుతుంటే నాకు ఆ కుడివైపు గుర్తొచ్చింది, ఏమనుకోకండి.

నగరంలో ఇంకో తలనొప్పి కరెంటు గోల. భూమిలో కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, దీపాలు, మీ జేబులో ఫోను. యంత్రం ఊరికే కీచుమంటుంటే ముందు ఫోనులో సిగ్నల్ ఆపేసి చూడండి. తర్వాత పౌనఃపున్యం మార్చండి. అదీ చాలకపోతే సున్నితత్వం తగ్గించండి, మొహమాటపడకండి. పూర్తిగా పెంచి గోల వినడం కన్నా సగానికి దించి నాణెం వినడం మేలు. బొగ్గు మసి, చిట్టెం కలిసిన నల్లటి మట్టి కూడా తప్పుడు కూతలు కూస్తుంది. ఒకప్పుడు పొయ్యిల బూడిద దారుల మీదే పోసేవాళ్లు కాబట్టి ఆ కూతలు ఉన్న చోటు పాతదే అని సంతోషించండి. వాన పడి ఒకరోజు గడిచాక వెళ్తే తడి నేల కొంచెం లోతు చూపిస్తుంది, తవ్వడమూ తేలిక.

తవ్వే ముందు కిందేముందో తెలుసుకోండి. వీధి పట్టీల్లో దీపాల తీగలు, ఫోను తీగలు, గ్యాసు గొట్టాలు అనుకున్నదానికన్నా పైనే ఉండవచ్చు. ఒక గీతలా సాగిపోయే సిగ్నల్ వస్తే అది తీగో గొట్టమో, వదిలేయండి. నేను నగరంలో అరచేయి నిడివి దాటి తవ్వను, పిన్‌పాయింటర్ (గుంతలో వస్తువు ఎక్కడుందో చూపే చేతి పరికరం) చూపించాక వేళ్లతోనే మట్టి తీస్తాను. మందమైన చేతి తొడుగులు తప్పనిసరి. గాజు పెంకులు, సూదులు అన్నీ ఉంటాయి. పచ్చిక ఉన్న చోట మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేరు తెగకుండా మూతలా మడవండి. మట్టి గుడ్డ మీద పోసి, మళ్లీ అంతా గుంతలో పోసి, మూత వేసి కాలితో నొక్కండి. ఎండ మండే రోజుల్లో అలా కోసిన పచ్చిక కూడా ఎండిపోతుంది, అప్పుడు పచ్చిక జోలికి పోకండి. ఒక్కడు వదిలిన గుంత వల్ల వందమందికి అనుమతి పోవడం నేను చూశాను.

అనుమతి అన్నాను కదా. ఖాళీగా కనిపించే ప్రతి జాగాకూ యజమాని ఉంటాడు, వీధి పట్టీకి పురపాలక సంఘం ఉంటుంది. అడగండి, కాగితం మీద తీసుకోండి. చట్టాలు దేశానికో తీరు. ఐర్లాండులో పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడాలంటే 1987 నుంచి ముందస్తు అనుమతి ఉండాలి. ఫ్రాన్సులోనూ పురాతన వస్తువుల కోసం వెతకాలంటే ప్రభుత్వ అనుమతి తప్పదు. ఇంగ్లండులో 1996 చట్టం ప్రకారం ఒకేచోట దొరికిన రెండు లేదా అంతకన్నా ఎక్కువ బంగారు, వెండి నాణేలు 300 ఏళ్లు దాటినవైతే 14 రోజుల్లో తెలపాలి. భారతదేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1878లో పది రూపాయలంటే ఎంతో ఊహించుకోండి, అంకె మాత్రం మారలేదు. రక్షిత కట్టడాల దరిదాపులకు ఎక్కడా వెళ్లకండి. కుండలో నిండా నాణేలు కనిపిస్తే తవ్వడం అక్కడికక్కడే ఆపేసి కబురు చేయండి. అవి ఏ వరసలో ఉన్నాయన్నది పురావస్తు శాఖవారికి నాణేలంత విలువైన సంగతి.

శుభ్రం చేయడం గురించి మీరు అడగలేదు, కానీ మీరు పంపిన ఫొటోలో మీ బొటనవేలు ఒక చిల్లర నాణేన్ని రుద్దుతూ ఉంది. ఆ పని మానేయండి. వెండి మీది మట్టి ఇసుక కాగితంతో సమానం, ఒక్క రుద్దుతో గీతలు పడతాయి. నీళ్లలో నానబెట్టి, ధారగా వదిలి, గుడ్డతో అద్దండి. రాగి మీద పచ్చటి చిలుము పలచగా, నున్నగా ఉంటే అది దాని చర్మం, ఉండనివ్వండి. నిమ్మరసం, చింతపండు, ఉప్పు, పళ్లపొడి, ఇవన్నీ ఇత్తడి చెంబులకు. నేనూ మొదటి ఏడాది ఒక రాగి నాణేన్ని చింతపండుతో తోమి గులాబీ రంగుకు తెచ్చాను. ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది, సిగ్గు పడటానికి పనికొస్తుంది. జస్తం (జింక్) నాణేలకైతే ఏ మందూ లేదు. అమెరికా సెంటును 1982 నుంచి, చలామణికి ముద్రించడం 2025లో ఆపేదాకా, జస్తం మీద రాగి పూతతో చేశారు. పూత గీసుకుపోతే కొద్ది ఏళ్లలోనే అంచులు ఎలుక కొరికినట్టు అవుతాయి.

ఇక మాయమైన సిగ్నల్. మూడు కారణాల్లో ఒకటై ఉంటుంది. మొదటిది, తుప్పుపట్టిన ఇనుము. వంగిన మేకు, ఇనుప రేకు ఒక కోణంలో నాణెంలా పాడతాయి. గుంత తవ్వేసరికి తుప్పు పొర చెదిరి ఆ పాట ఆగిపోతుంది. దీన్ని ముందే పట్టుకోవచ్చు. తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగా ఊపితే అంకె కూలిపోతుంది, లేదా సిగ్నల్ నడిబిందువు పక్కకు జరుగుతుంది. నాణెం అయితే ఎటు తిరిగినా అక్కడే ఉంటుంది. రెండోది, తవ్వేటప్పుడు నాణెం గుంతలో నిలువుగా తిరిగిపోయి గోడలో ఇరుక్కోవడం. మూడోది అన్నిటికన్నా మామూలు: అది మీరు తీసి పక్కన పోసిన మట్టిలోనే ఉంది. మీరు గుంతలో వెతుకుతున్నారు, అది మీ మోకాలి పక్కన ఉంది. మొదటి రెండేళ్లలో ఇలా ఎన్ని వదిలి వచ్చానో లెక్కలేదు. ఆ గుంత ఎక్కడో గుర్తుంటే మళ్లీ వెళ్లండి. ముందు గుంత గోడల వెంట పిన్‌పాయింటర్ తిప్పండి, తర్వాత ఆ చుట్టుపక్కల అడుగు మేర పచ్చికలో చూడండి.